ఎనిమిదో కుర్చీలో మిత్సు

గెంజో తాత ఫోటో తెచ్చి గోడకి తగిలించుకున్నారు మీరు. తలకి తెల్లగుడ్డ, చేతిలో కత్తి, మొహం నిండా గంభీరం. ఇంటికొచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపిస్తారు. మా తాత సుషీ కొట్లో ఎనిమిదే కుర్చీలు, నెలల ముందు చెప్పుకుంటే గాని చోటు దొరికేది కాదు అని గొప్పలు పోతారు. మరి అదే ఫోటోలో నా తమ్ముడి మోచేతి వెనక, తెర సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి టీ కెటిల్ పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఎవరిదని మీలో ఒక్కరైనా అడిగారా? కెటిల్ గాల్లో వేలాడుతోందనుకున్నారా? కళ్లు పెట్టుకుని ఏం చూస్తారర్రా మీరు?

అది మిత్సు చెయ్యి. గెంజో పెళ్లాం, నా మరదలు. కూర్చోండి, చెబుతాను. ఆ ఫోన్లు అవతల పెట్టండి ముందు.

మిత్సు పుట్టింది నోటో సముద్రపు ఒడ్డున, వాజిమా అనే ఊళ్లో. వాళ్లమ్మ ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి మునిగి గుల్లలు ఏరేది. మిత్సుని కూడా చిన్నప్పుడే నీళ్లలోకి దింపారు. మునిగిన ప్రతిసారీ చెవులు పోటెత్తేవట. నోరు విప్పి చెప్పలేదు. ఒకనాడు చెవిలోంచి రక్తం కారడం తల్లి చూసి, జుట్టు పట్టుకుని పడవలోకి లాగి, ఇంక మళ్లీ దింపలేదు. ఈ సంగతి నాకు చెప్పినప్పుడల్లా మిత్సు మొహం వెలిగిపోయేది. "నేను అనకుండానే మా అమ్మే చూసింది వదినా" అనేది. అదే దానికి పట్టిన పీడ. చెప్పకుండా కనిపెట్టినవాళ్లే తనవాళ్లని దాని నమ్మకం.

కనజావా పట్నానికి వచ్చి ఒక సత్రం వంటింట్లో పనికి చేరింది. గెంజో అప్పుడు ఇంకొకరి కొట్లో చేపలు కోస్తున్నాడు. సరుకు ఇవ్వడానికి సత్రానికెళ్లి, వాళ్లు పెట్టిన అన్నం ముద్ద తిన్నాడు. ఇంటికొచ్చి, "అక్కా, ఆ అన్నం వండిన మనిషెవరో కనుక్కో" అన్నాడు. మనిషి మొహం కూడా చూడలేదు వెధవ. అన్నాన్ని చూసి పెళ్లి చేసుకున్నాడు.

ఓమిచో చేపల బజారు వెనక సందులో కొట్టు పెట్టారు. నా మొగుడు పోయాక నేనూ వాళ్ల దగ్గరే చేరాను. గిన్నెలు కడగడం, చేతులు తుడుచుకునే తువ్వాళ్లు ఉడకబెట్టడం నా పని. అన్నం వండి, వెనిగర్ కలిపి విసరడం, టీ పొయ్యడం మిత్సు పని. ఆ అన్నం చిన్న ముద్ద చేసి, పైన పచ్చి చేప ముక్క వేసి ఒక్కొక్కటీ చేతికందించడం, మిగతాదంతా గెంజోదే. వాడి కొట్లో వంటల పేర్లు రాసిన పలక లేదు, ధర లేదు. వచ్చినవాళ్లు ఫలానాది కావాలని అడగరు. ఒమకాసె అంటే అంతే మరి. అంతా మీ ఇష్టం అని వంటవాడి చేతుల్లో పెట్టేసి కూర్చోవడమే. తినకూడనివేమైనా ఉన్నాయా అండీ అని మొదట్లో ఒక్కమాట అడుగుతాడు. తర్వాత ఇంకేమీ అడగడు. చూస్తాడు.

ఏం చూస్తాడు? మొదటి ముక్క ఎప్పుడూ కణవ చేపే. దాన్ని ఏ చేత్తో తీసుకున్నారు, ఒక్కసారిగా నోట్లో పెట్టుకున్నారా, కొరికారా, ఏ దవడతో నమిలారు, ఎలా మింగారు, ఇవన్నీ చూస్తాడు. రెండో ముక్క నుంచి ఆ మనిషికి తగ్గట్టు మారిపోతుంది. ఎడమచేతి వాళ్లకి ముక్క అటు తిప్పి పెడతాడు. ముసలాళ్లకి అన్నం తగ్గిస్తాడు. ఒకసారి ఊరు కాని ఊరి నుంచి వచ్చిన ఒకాయనకి కణవ పెట్టి, రెండో ముక్క చెయ్యబోతూ ఆగి, "ఎడమవైపు వెనక పన్ను చూపించుకోండి, వాచినట్టుంది" అన్నాడు. ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ కథ ఊరంతా పాకింది. దాంతో గెంజో మొనగాడైపోయాడు. తెర వెనక మిత్సు కెటిల్ పట్టుకుని పొంగిపోయింది.

ఇంట్లో సంగతేంటంటారా? కొట్టు కట్టేశాక వంటింట్లో మా ముగ్గురి భోజనం. వాడు గోడ వైపు తిరిగి కూర్చుని, మిగిలిన అన్నంలో వేడి టీ పోసుకుని, గుటుక్కున తిని లేచిపోయేవాడు. ఒకరోజు నేను అన్నాను: "ఏరా, గోడలో ఏం కనిపిస్తోందిరా? ఇటు తిరిగి తినలేవూ?"

"పొద్దున్నించీ ఎనిమిది నోళ్లు చూసొచ్చానక్కా. ఇంకో నోరు చూపించకు."

మిత్సు నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఆ ఏడు చలికాలం తొందరగా వచ్చింది. మాకు అక్కడ మంచు కురిసే ముందు ఉరుములు ఉరుముతాయి. అవి విన్నాక బురి చేపలు కొవ్వు పట్టి ఒడ్డుకొస్తాయి. పీతల కాలం కూడా అదే. కొట్టుకి ఊపిరి సలపని రోజులు. అల్లం చెక్కు తీస్తూ మిత్సు వైపు చూస్తే, దాని నడికట్టు ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. మనిషి చిక్కిపోయింది. మధ్యాహ్నం గంజి తాగుతోంది. గంజి కూడా వడగట్టుకుని.

"ఒసేయ్, ఏంటే అది? పళ్లు రాలిపోయాయా?"

"ఒళ్లు తగ్గుదామని వదినా."

"ఎవరికి చూపిద్దామనే? నిజం చెప్పు. లేదంటే ఈ చెక్కపీటతో ఒక్కటి వేస్తా."

చాలాసేపు చెయ్యి కడుక్కుంది. తర్వాత నెమ్మదిగా అంది: "గొంతు దగ్గర ఏదో అడ్డం పడుతోంది. ముద్ద దిగడం లేదు."

పని ఆపేశాను. "వాడికి చెప్పావా?"

"ఆయనకి నేను చెప్పాలా? ఎవరో తెలియని మనిషి పన్ను నొప్పి ఒక్క ముక్కతో పట్టేసిన మనిషికి?" నా ముందున్న అల్లం ముక్క చేతిలోకి తీసుకుంది. "ఆయనే చూస్తారు."

"వాడు గోడని చూస్తున్నాడే పిచ్చిదానా! పద, ఆసుపత్రికి పోదాం."

"పీతలు అయిపోనీ. కొత్త సంవత్సరం వెళ్లాక చూద్దాం."

"నేనే చెబుతా వాడికి."

"చెప్పావా, ఆ రాత్రికి రాత్రే వాజిమా వెళ్లిపోతాను. ఒట్టు." నవ్వకుండా చెప్పింది. అది ఒట్టు వేస్తే వేసినట్టే. "నీ నోటితో విని ఆయన నా వైపు తిరిగితే నాకేం మిగులుతుంది వదినా?"

ఏం మిగులుతుందట! ప్రాణం మిగులుతుందే అని అరిచాను. వినిపించుకుంటేనా. అన్నం తొట్టి తుడుచుకుంటూ కూర్చుంది. సరే, చెప్పనివ్వకపోతే చూపిస్తాను అనుకున్నాను. ఎలా చూపించాలో తెలియక పక్కమీద దొర్లాను.

నాలుగైదు రోజులకి దారి దానంతటదే దొరికింది. ఉరుములతో మంచు మీద పడి రైళ్లు ఆగిపోయాయి. మధ్యాహ్నం విందుకి తొయామా నుంచి రావలసిన ఒకాయన రాలేనని ఫోన్ చేశాడు. ఏడుగురు వచ్చి కూర్చున్నారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ. చేపలన్నీ ఎనిమిది మందికి కోసేసి ఉన్నాయి. గెంజో ఆ ఖాళీ వైపు చూసి పళ్లు నూరుతున్నాడు.

ఆ ఏడుగురిలో హయామి గారని ఒకాయన. బంగారు రేకుల వ్యాపారి, కొట్టు తెరిచిన నాటి నుంచీ వస్తున్నాడు. ఆయనకి వేడి తువ్వాలు ఇస్తూ చెవిలో ఒక్క మాట వేశాను. పాపం, ఎందుకని కూడా అడగలేదు. గొంతెత్తి, "గెంజో గారూ, ఈ ఖాళీ నా పక్కన చలిగా ఉందండీ. మిత్సు గారిని కూర్చోబెట్టండి. ఇన్నేళ్లూ ఆవిడ టీ తాగాం, ఆవిడ తింటుంటే మేం ఎప్పుడు చూడాలి?" అన్నాడు.

"ఇంటివాళ్లు బల్ల ముందు కూర్చోరండీ. మా పద్ధతి కాదు" అన్నాడు గెంజో.

"అయితే కోసిన చేప పిల్లికి పెడతారా?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగేలోపు నేను తెర వెనక మిత్సు నడుముకున్న వంట గుడ్డ ముడి లాగేశాను. "వదినా, వద్దు" అని చెయ్యి పట్టుకుంది. వేళ్లు మంచు ముక్కల్లా ఉన్నాయి. "ఆయనే చూస్తారన్నావుగా, పో" అని ముందుకి తోశాను.

కూర్చుంది. జన్మలో మొదటిసారి అటువైపు కూర్చుంది. అటువైపు నుంచి బల్ల ఎంత పొడుగో అన్నట్టు చేత్తో రాసి చూసుకుంది.

గెంజోకి లోపల ఎంత మండుతున్నా, బల్ల ముందు కూర్చున్నవాళ్లు అతిథులు. అతిథులకి ఇచ్చే మర్యాద ఇవ్వాల్సిందే. చేతులు తుడుచుకుని, తల వంచి అడిగాడు: "తినకూడనివేమైనా ఉన్నాయా అండీ?"

పెళ్లాన్ని అండీ అనేసరికి మళ్లీ నవ్వులు. హయామి గారైతే బల్ల మీద చరిచాడు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంది? తెర పట్టుకుని నేను ఊపిరి బిగబట్టాను. మిత్సు కూడా తల వంచింది.

"ఏమీ లేవండీ. అంతా మీ ఇష్టం."

కణవ పెట్టాడు. మిత్సు రెండు వేళ్లతో తీసుకుని ఒక్కసారిగా నోట్లో పెట్టుకుంది. నమిలింది. నములుతూనే ఉంది. పక్కవాళ్లు రెండో ముక్క కోసం చూస్తున్నారు, అది ఇంకా నములుతోంది. తర్వాత టీ గుక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి. వసాబి ఘాటేమోనని హయామి గారు నవ్వాడు. గెంజో నవ్వలేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

రెండోది బురి. మిత్సు ముందు పెట్టిన దాంట్లో అన్నం సగమే ఉంది. వాడి చేతికి అప్పటికే అనుమానం వచ్చింది, బుర్రకి ఇంకా రాలేదు. మిత్సు దాన్ని రెండుగా కొరికింది. ఇన్నేళ్లు తెర వెనక నుంచి చూసిన మనిషి, ఆ ముక్క కొరకకూడదని దానికి తెలియదా? కొరికింది, దిగదని తెలిసి.

మూడోది తియ్య రొయ్య. వెన్నలా ఉంటుంది, చంటిపిల్లలకైనా దిగుతుంది. మిత్సు మెడ సాచి, కళ్లు మూసుకుని, బల్ల అంచు పట్టుకుని మింగింది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

గెంజో చేతిలో నాలుగో ముక్కకి తీసిన అన్నం ఉంది. ఆ ముద్ద వేళ్ల మధ్య నుంచి తొట్టిలోకి జారిపోయింది. ఇన్నేళ్లలో వాడి చేతిలోంచి మెతుకు జారడం నేను చూడలేదు. బయట ఉరిమింది.

"ఎప్పటి నుంచి అండీ?" అన్నాడు. ఇంకా ఆ అతిథి మర్యాదలోనే. గొంతు వాడిది కాదు.

"బాన్ పండగ నుంచి."

బాన్ పండగంటే మండువేసవి. పోయిన పెద్దలకి దీపాలు పెట్టినప్పటి సంగతి. అప్పటి నుంచి మంచు పడేదాకా, రోజూ ఒకే గదిలో, గోడ వైపు తిరిగి!

మిగతావాళ్లకి విందు ఆపలేదు వాడు. ఆపకూడదు, అది కొట్టు పద్ధతి. ఒక్కొక్కటీ చేసి పెట్టాడు, వాళ్లు తలలు వంచుకుని తిన్నారు. మిత్సుకి మాత్రం గుల్లల రసం గుడ్డలో రెండుసార్లు వడకట్టి, చిన్న గిన్నెలో పోసి, రెండు చేతులతో ముందు పెట్టాడు. అది తాగింది. తాగి, తెర వైపు తిరిగి నన్ను చూసింది. చూశావా, చెప్పానా అన్నట్టు. ఆ మొహంలో ఆ వెలుగు చూస్తే దాన్ని ముద్దు పెట్టుకోవాలో, చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు.

చివరి ముక్క అవగానే గెంజో గుమ్మం మీది గుడ్డ తీసేసి కొట్టు మూసేశాడు. పీతల కాలంలో, పట్టపగలు. వేసుకున్న కొట్టు బట్టలతోనే మిత్సుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అన్నవాహికలో రాచపుండు పాకిపోయిందన్నారు. వేసవిలోనే వచ్చుంటే కోసి తీసేవాళ్లం అన్నాడు డాక్టరు. వేసవిలోనే అన్న మాట దగ్గర గెంజో డాక్టరుని ఆపి, ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత వాడికి అడిగే రోగం పట్టుకుంది. మంచం పక్కన కూర్చుని వేడెక్కువైందా, ఉప్పు చాలిందా, దిండు ఎత్తనా, కిటికీ మూయనా. ఒక పూట మిత్సు నన్ను దగ్గరికి పిలిచి గుసగుసగా, "వదినా, ఆయన్ని కాస్త బజారుకి పంపు. అడిగి అడిగి చంపుతున్నారు" అంది.

"అనుభవించు. నువ్వు కోరుకున్నదేగా" అన్నాను.

"నేను కోరుకున్నది చూడమని. అడగమని కాదు." నవ్వబోయి దగ్గింది.

"ఒక్కమాట నోరు తెరిచి చెప్పుంటే చూసేవాడు కదే."

కిటికీలోంచి మంచు వైపు చూసింది. "చెవి నొప్పి కూడా చెప్పుండాల్సింది, కదా వదినా" అంది.

కొట్టు మళ్లీ తెరిచాక కూడా వాడికి ఆ అలవాటు పోలేదు. కూర్చున్న ప్రతివాణ్నీ అడిగేవాడు, బాగా దిగిందా అండీ, నొప్పేమీ లేదు కదా అండీ అని. అడిగించుకోవడానికి రాలేదని కొందరు రావడం మానేశారు. హయామి గారు మాత్రం వచ్చి, అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబు చెప్పి వెళ్లేవాడు. మధ్య కుర్చీ వాడు ఎవరికీ ఇవ్వలేదు. మీరు చెప్పుకునే ఎనిమిది కుర్చీల కొట్లో అప్పటి నుంచీ ఏడుగురే తినేవారు.

మిత్సు చెర్రీలు పూసే ముందే పోయింది. దాని వయసు యాభై ఆరు.