కోటమ్మ కాశీలో వదిలిన గోంగూర

నిన్న పొద్దున పాల ప్యాకెట్ కత్తిరిస్తుంటే ఫోన్ మోగింది. కోటమ్మ లేదన్నారు.

ఏ కోటమ్మ అని అడిగాను. నాకున్న కోటమ్మ ఒక్కతే. అయినా అడిగాను.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మనవరాలు మన ఊరి వాట్సాప్ గ్రూపులో టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మార్చొద్దన్నాను.

నిన్న శవం దగ్గరే ఒక మాట విన్నాను. కాశీలో గోంగూర వదిలి, ఇంటికొచ్చి మళ్లీ తిన్నదట. ఆ పాపమే తగిలిందట. పెట్టింది మరదలు సీతమ్మట.

అప్పటినుంచి సీతమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

కాశీలో కోటమ్మ పక్కన ఉన్నది నేను. నేను చెబుతా, వినండి.

పోయిన చలికాలం నరసరావుపేట నుంచి టూర్ వాళ్లతో వెళ్లాం. కాశీ అంటే ఇరుకు సందులని విన్నాం. సందులున్నాయి గానీ, గుడి చుట్టూ అంతా ఖాళీ చేసి రాళ్లు పరిచారు. మాచర్ల క్వారీలో పనిచేసిన మనిషి కదా, కోటమ్మ ముందు వంగి ఆ రాళ్లనే తడిమి చూసింది.

ఫోన్లు లాకర్లో పెట్టించారు. దర్శనం రెప్పపాటులో అయిపోయింది. సాయంత్రం హారతికి మాత్రం అందరూ ఫోన్లు పైకెత్తారు. గంగమ్మ దీపాలు మేము ముందువాళ్ల ఫోన్లలోనే చూశాం.

మణికర్ణికలో చితి కట్టెలు కాటా మీద తూస్తున్నారు, మన మిరపకాయ బస్తాల్లాగే. పక్కనే టీ అమ్ముతున్నారు. కోటమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది.

తమ్ముడు వీరయ్యతో పొలం గట్టు దగ్గర తగువై, ఆమెకు ఏళ్ల తరబడి మాటల్లేవు.

"ఈ కట్టెల మీదకి ఎక్కినాక మాట్లాడతానా ఏందే?" అంది.

మర్నాడు ఘాట్‌లో పంతులు ఇష్టమైనది ఒకటి వదలమన్నాడు. మా బ్యాచ్ అంతా కాకరకాయే. నేనూ అంతే. గోంగూర లేనిదే ముద్ద దిగని కోటమ్మ మాత్రం గోంగూర అంది. తిననివి వదిలితే గంగమ్మకు తెలియదా అని మమ్మల్ని చూసి నవ్వింది.

ఊరికి రాగానే గంగాజలం చెంబు పట్టుకుని తమ్ముడింటికి వెళ్లింది. నన్నూ లాక్కెళ్లింది.

వీరయ్య గుమ్మం బయటే మొహం తిప్పుకుని నిలబడ్డాడు. సీతమ్మే పీట వేసి ఇంట్లో ఉన్నది వడ్డించింది.

గోంగూర పచ్చడి, ఉల్లిపాయ.

నేను నోరు తెరవబోయాను. కోటమ్మ నా మోకాలు గిల్లింది. కలుపుకుని తిన్నది. మారు కూడా వేయించుకుంది.

అప్పుడు వీరయ్య లోపలికొచ్చి నెయ్యి గిన్నె ముందుకు జరిపాడు.

"అక్కా, ఏసుకో. కారం చానా ఉంది."

దారిలో నిలదీశాను.

"వదిలానని చెబితే వంక అనుకుంటారే. గంగమ్మతో నేను చెప్పుకుంటాలే. నువ్వు నోరు మూసుకో" అంది.

ఇన్నాళ్లూ మూసుకున్నాను. ఇక మూసుకోను.

ఆమె తెలిసే తిన్నది. సీతమ్మకు తెలియదు. ఇంకెవరైనా పాపం అంటే నా ఎదురుగా వచ్చి అనండి.

ఏమే సీతమ్మా, లేచి అన్నం తిను. పెద్దకర్మ రోజు మీ వదిన విస్తట్లో గోంగూర నువ్వే వడ్డించు. నేను పక్కన నిలబడతా.

కోటమ్మా, పోయిరావే. తమ్ముడితో మాట కలిపే వెళ్లావు. ఇక ఏ దిగులూ లేకుండా గంగమ్మ దగ్గర చల్లగా ఉండు.