గేటు దాకా వచ్చి వెళ్లిపోయే మనిషి

దయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఆఫీసులో ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే టిఫిన్ డబ్బా మూసుకుని లేచిపోతాను. ఇది దయ్యం కథ కాదనే అనుకుంటున్నాను. మరేమిటంటే చెప్పలేను.

నాకు నలభై ఎనిమిదేళ్లు. అమీర్‌పేటలో కాపురం, పంజాగుట్టలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. నాకు దారులు అస్సలు గుర్తుండవు. పదిహేనేళ్లుగా తిరుగుతున్నా, ఇప్పటికీ మైత్రీవనం దగ్గర ఏ సందులోంచి వచ్చానో తెలియక నిలబడిపోతాను. అలాంటిదాన్ని, ఒక్కదాన్నే వియత్నాం వెళ్తానన్నాను.

"అక్కా, నాగోల్ పోవాల్నంటే నువ్వు మియాపూర్ మెట్రో ఎక్కుతవ్. గంత దూరం ఎట్ల పోతవ్?" అంది పక్క సీటు స్వరూప.

మా ఆయన నవ్వలేదు. "గ్రూపు టూరులో వెళ్లు. తప్పిపోతే అక్కడ ఎవరున్నారు మనకి?" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకే ఒళ్లు మండింది. అక్కడ తప్పిపోతే ఇక జన్మలో ఒంటరిగా ఎక్కడికీ బయల్దేరనని నాకు తెలుసు.

పట్టుబట్టి కూర్చున్నాను. వీసా దరఖాస్తులో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే రాశాను, మనకి అలవాటు కదా. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. మళ్లీ మొదటినుంచి పెట్టాల్సొచ్చింది. వెళ్లాలనుకునేవాళ్లకి చెబుతున్నాను, వీసాలోనూ టికెట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయండి. దాని గడువు ఇంకా ఆరు నెలలైనా ఉందో లేదో చూసుకోండి. అన్నీ కాగితం మీద కూడా తీసిపెట్టుకోండి.

ఇక దారి సంగతి. కంప్యూటర్లో మ్యాప్ తెరిస్తే వీధుల ఫొటోలుంటాయి, బాణం నొక్కుతూ నడిచినట్టే ముందుకు పోవచ్చు. హ్యూ అనే ఊళ్లో రైల్వే స్టేషన్ నుంచి నేను దిగబోయే గెస్ట్‌హౌస్ దాకా రోజూ పొద్దున ఆరింటికి అలా నడిచాను. దాదాపు రెండు నెలలు. గేటు బయట ఆగి, కాఫీ పూర్తి చేసి, కంప్యూటర్ కట్టేసి వంటలో పడేదాన్ని.

వెళ్లాను. మధ్యాహ్నం రైలు దిగి, పెట్టె లాక్కుంటూ, ఎవరినీ అడగకుండా, ఒక్క మలుపూ తప్పకుండా ఆ గేటు ముందుకు చేరాను. సంతోషంతో ఏడుపొచ్చింది.

లోపల మొక్కలకి నీళ్లు పోస్తున్న ముసలావిడ నన్ను చూసి పైపు వదిలేసింది. దగ్గరికొచ్చి ముందు నా ఎడమ పాదం చూసింది. ఏదో అడిగింది. గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడ మనవరాలు మొహమాటపడుతూ ఇంగ్లీషులో చెప్పింది, కాలి కట్టు విప్పేశారా అని అడుగుతోందని.

ప్రయాణానికి నెల ముందు ఆఫీసు మెట్ల మీద జారి నా ఎడమ కాలు బెణికింది. పది రోజులు కట్టుతోనే ఉన్నాను. ఆ పది రోజులూ మ్యాప్‌లో నడక మానలేదు. కాలి సంగతి వాళ్లకి రాయలేదు, ఎక్కడా ఫొటో పెట్టలేదు. మా కంప్యూటర్ కెమెరా ఏనాడో పాడైంది.

ఆవిడ చెప్పుకుపోతూనే ఉంది. రోజూ పొద్దున ఏడున్నరకి గుమ్మంలో అగరొత్తులు వెలిగించే వేళ నేను గేటు బయట నిలబడేదాన్నట. రమ్మని పిలిస్తే పలికేదాన్ని కాదట. పువ్వుల పొడుగు గౌను, దాని మీద పసుపు గుడ్డ అని చేతులతో చూపించింది. బామ్మకి వయసు మీద పడింది, పట్టించుకోకండి అంది మనవరాలు.

పొద్దున ఆరింటికి నేను పువ్వుల నైటీ మీద పసుపు చున్నీ వేసుకుని ఉంటాను. మన ఆరు వాళ్లకి ఏడున్నర. గదిలోకి వెళ్లాక ఆ లెక్క తట్టి, చాలాసేపు మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. భయమేసింది, అబద్ధమెందుకు. అయినా మర్నాడు ఊరు చూడ్డానికి ఒక్కదాన్నే బయల్దేరాను.

తిరిగొచ్చాక స్వరూపకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "మల్ల పోతవా అక్కా?" అంది.

పోతాను. ఈసారి జార్జియా, ఒక్కదాన్నే. హ్యూలో అదెలా జరిగిందో నాకిప్పటికీ అంతుబట్టలేదు. కానీ దారి నడవడం మళ్లీ మొదలుపెట్టాను, పొద్దున ఆరింటికే. ఇప్పుడు స్నానం చేసి, తల దువ్వుకుని, మంచి చీర కట్టుకున్నాకే కంప్యూటర్ తెరుస్తున్నాను. అక్కడ నేను దిగబోయే ఇంటి ముందు ఆగినప్పుడు, గదిలో ఒక్కదాన్నే ఉన్నా, చేతులెత్తి నమస్కారం పెడుతున్నాను. అవతల ఎవరైనా ఉంటే, పిలిచినా పలకని మనిషిననుకోకూడదు కదా.