మూడుసార్లు చప్పట్లు

ఆ ఉదయం మా అక్క సునిల్డా రోటిలో పుదీనా, నిమ్మగడ్డి దంచి ఐసునీళ్ళ ఫ్లాస్కులో వేసుకుంది. తెరెరే అనే చల్లటి ఆకుపానీయం తాగే కొమ్ముగిన్నె, పీల్చే గొట్టం ఒక చేతిలో, కుర్చీ ఇంకో చేతిలో పట్టుకుని గేటు దాకా నడిచింది. వరండాలో నీడ ఉన్నా, ఎండలో గేటు పక్కనే కూర్చుంది. తొమ్మిదింటికి పక్కింటి బసీలియా వచ్చి చూసేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది. ఒళ్ళో గిన్నెలో నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయట.

అక్క ఇల్లు కొన్సెప్సియోన్‌లో, పరాగ్వే నది రేవుకు రెండు వీధుల అవతల. పై ఊళ్ళకు వెళ్ళే సరుకుల పడవ కోసం వేచి ఉండే ప్రయాణికులకు రెండు గదులు ఇచ్చేది. పెళ్ళి చేసుకోలేదు. ఆ పడవ కూడా ఒక్కసారైనా ఎక్కలేదు. అయినా పడవ గురించి ఆమెకు తెలియనిది లేదు. ఎక్కినవాళ్ళంతా దిగాక ఆమె వంటింట్లోనే కూర్చుని చెప్పుకునేవారు. విన్నదంతా ఒక అట్ట మీద రాసి గదుల మధ్య గోడకు కొట్టింది.

పడవ మంగళవారం కదులుతుందంటారు, బుధవారం కదిలినా సంతోషించండి. వల ఊయల, తాడు, దోమతెర మీరే తెచ్చుకోండి. వాన పడితే ఉత్తరాన మట్టిరోడ్డు మూసేస్తారు, ఎంత పోట్లాడినా తెరవరు. ఎవరైనా తెరెరే ఇస్తే గొట్టం కదపకుండా తాగండి. పన్నెండు నుంచి మూడు దాకా ఎవరి నిద్రా చెడగొట్టకండి.

అన్నిటికన్నా కింద, లావు అక్షరాలతో: ఇక్కడ ఇళ్ళ తలుపు తట్టరు. గేటు బయట నిలబడి చప్పట్లు కొట్టండి. రమ్మనేదాకా గేటు తియ్యకండి. మూడుసార్లు కొట్టినా ఎవరూ రాకపోతే వెళ్ళిపోండి. ఇంట్లోవాళ్ళ కారణాలు ఇంట్లోవాళ్ళకుంటాయి.

ఒకసారి పొడుగాటి విదేశీయుడొకడు తిన్నగా గేటు తీసుకుని వంటింట్లోకే వచ్చేశాడు. అక్క గరిటె చేత్తో పట్టుకునే వేలు చూపించింది.

"అదిగో అట్ట. చదువు నాయనా. చదివి, బయటికి పోయి చప్పట్లు కొట్టు."

"అట్ట లోపలుంది కదమ్మా, బయటున్నవాణ్ణి నేనెట్లా చదవను?"

"అందుకేగా మళ్ళీ పొమ్మంటున్నా. ఇప్పుడు చదివావుగా!"

పాపం, మూట మోసుకుంటూ వెళ్ళి కొట్టాడు. అక్క తాపీగా చేతులు తుడుచుకుని, అప్పుడే చూసినట్టు ముఖం పెట్టి, "ఎవరూ? రండి రండి" అంది. అతను అయిదు రోజులున్నాడు. నాలుగు రోజులు నవ్వుతూనే ఉన్నాడు.

తరువాత ఉత్తరానికి తారు రోడ్డు పడింది. ప్రయాణికులు బస్సుల్లో పోవడం మొదలుపెట్టారు. గదుల్లో దుప్పట్లు వారానికోసారి ఉతికి, ఎవరూ పడుకోకుండానే మళ్ళీ ఉతికేది. నేను హోర్కెతాలో టీచర్ని, గంట ప్రయాణం. పోయిన జనవరి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఊరుకోలేకపోయాను.

"అక్కా, ఆ అట్ట తీసెయ్యవే. గదులు మూసి నా దగ్గరికొచ్చెయ్."

"వచ్చి? నీ బళ్ళో పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దనా?"

"వెటకారం కాదు. నెలకి ఒక్కడైనా వస్తున్నాడా?"

"ఆ ఒక్కడూ వచ్చినప్పుడు ఇల్లు మూసి ఉండకూడదు కదే."

"ఆ ఒక్కడూ బస్సులో గురక పెట్టుకుంటూ నీ గేటు ముందునుంచే పోతున్నాడు!"

మాట్లాడుతున్నంతసేపూ ఆమె నా ముఖం మీంచి చూపు తిప్పలేదు. కోపమనుకున్నాను. చివరికి లేచి, "చీకటి పడకముందే బస్సు పట్టుకోండి టీచరమ్మా" అంది. నన్నెప్పుడూ చిట్టీ అనే పిలిచేది.

ఏడు నెలలు నేను వెళ్ళలేదు. ఆమె కబురు చెయ్యలేదు. ఆగస్టులో నేనే తగ్గాను. బస్సు దిగి వేడి వేడి చిపా రొట్టెలు నాలుగు కొనుక్కుని వెళ్ళాను. ఆగస్టు మాకు చలికాలం, ఆ రోజు దక్షిణపు గాలి ఎముకలు కొరికేస్తోంది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఇంట్లోంచి రేడియోలో పోల్కా పాట వీధి చివరికి వినిపిస్తోంది. చప్పట్లు కొట్టాను. ఆగి, మళ్ళీ కొట్టాను. మూడోసారి అరచేతులు మండేలా కొట్టాను. రేడియో మోగుతూనే ఉంది.

గేటుకు తాళం లేదు. గడియ మీద పెట్టిన చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. అట్ట మీది మాటలు నాకు కంఠతా వచ్చు. నన్ను చూడడం ఇష్టం లేక పాట పెంచుకుందనుకున్నాను. చిపాలు తిరుగు బస్సు డ్రైవరుకిచ్చేశాను.

అక్టోబరులో అక్క పోయింది. తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక బసీలియా, నేనూ కుర్చీలు సర్దుతున్నాం. ఆగస్టు సంగతి అప్పుడు నోరు జారాను.

"అంత పాట పెట్టుకుని కూర్చుంది బసీలియా. నా మీద అంత పంతమా?"

ఆమె చేతిలో కుర్చీ కింద పెట్టింది.

"పంతమేంటి టీచరమ్మా, వినపడితేగా! రెండేళ్ళనించి వినికిడి తగ్గింది, ఈ ఏడు మొత్తం పోయింది. పెదాలు చూసి మాట్లాడేది. చెప్పొద్దని ఒట్టేయించుకుంది. 'చెవిటిదాని ఇంట్లో ఎవరు దిగుతారే? మా చిట్టికి తెలిస్తే తాళం వేసి ఎత్తుకుపోతుంది' అనేది. అందుకే ఎండనకుండా గేటు దగ్గర కూర్చునేది. చప్పుడు వినకపోయినా చేతులు కనిపిస్తాయిగా. చలిగాలి రోజున మాత్రం లోపలుండేది."

"మరి రేడియో ఎందుకు?"

"పెట్టె మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చునేది. అదురుతుంటే ఇంట్లో ఇంకొకళ్ళున్నట్టు ఉంటుందంట."