వణికే చేతులతో మట్టి గాజులు

మట్టి గాజు తొడగడం చూసేవాళ్లకు చిన్న పనే. ఆడమనిషి చేయి చాస్తుంది. మేం బొటనవేలి కింది కండను లోపలికి నొక్కి, నాలుగు వేళ్లను దగ్గరికి కూడదీసి, గాజును మెల్లగా జారుస్తాం. సైజు అడగం. చేయి పట్టుకోగానే రెండు నాలుగో, రెండు ఆరో తెలిసిపోతుంది. తొడిగేటప్పుడు గాజు వైపు చూడం, ఎదుటి మనిషి ముఖం చూస్తాం. నొప్పి ముందుగా కనుబొమల దగ్గర కనిపిస్తుంది. అది కనిపించేలోపే ఏదో పరాచికమాడి నవ్విస్తే చేయి వదులవుతుంది, గాజు దిగిపోతుంది. దంతాలపల్లి అంగడిలోనూ, దేవరుప్పుల దాకా ఉన్న ఊళ్ల పెళ్లిళ్లలోనూ ఇరవై ఏళ్లుగా ఇదే నా పని. నా అంత మెత్తగా తొడిగేవాడు లేడని పేరు. ఆ పేరు కొంచెం తలకెక్కింది కూడా. తలకెక్కినవాటిలో అదొక్కటే ఉంటే బాగుండేది.

మందు ఎప్పుడు మొదలుపెట్టానో సరిగ్గా గుర్తులేదు. అది లేకుండా చేయి నిలవని రోజు మాత్రం బాగా గుర్తుంది. పొద్దున లేవగానే వేళ్లు వణికేవి, కాస్త గొంతులో పోసుకుంటే కుదురుకునేవి. అప్పటి నుంచి నేను తాగేది సరదాకు కాదు, పని కోసమని ఇంట్లో చెప్పడం మొదలుపెట్టాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. చివరికి ఒక పొద్దున వాకిట్లో పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే మా ఆవిడ, పక్కింటి అవ్వ కలిసి ఆటోలో వేసుకొని మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్లారు. ఆటో ఎక్కించేటప్పుడు అవ్వను కాలితో తన్నానట. ఆమె ఇప్పటికీ ఆ మాట ఎత్తదు. అది తలుచుకుంటే నాకే తల వంగిపోతుంది.

పది రోజులు అక్కడున్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నా రెండు చేతులూ ముందుకు చాపించి చూసింది. "మందు ఒంట్లోంచి పోయింది. కానీ దానికి అలవాటుపడ్డ నరాలు కుదురుకోవడానికి నెలలు పట్టొచ్చు. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం, ఇవన్నీ ఉంటాయి. భయపడకు. వణుకు తగ్గాలని ఒక్క గుక్క తాగినా మళ్లీ మొదటికి వస్తావు. ఎప్పుడు పరేషాన్ అనిపించినా వచ్చెయ్" అంది. నేను తలూపాను. నెలలు పట్టేది వేరేవాళ్లకు, నాకు వారం చాలనుకున్నాను.

రెండో నెల నడుస్తున్నా చాయ్ సాసరు నా చేతిలో గలగలమంటూనే ఉంది. ఏ పనీ చేయకుండా కూర్చున్నా బనియన్ తడిసిపోయేది. గుండె ఉన్నట్టుండి దడదడలాడేది. ఇక కోపం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్యాను చప్పుడు చేస్తోందని ఫ్యానును తిట్టాను, ఆగిపోతే ఆగిందని తిట్టాను. తీపి మీద ఎక్కడలేని యావ పుట్టింది. బెల్లం డబ్బా ఖాళీ అవుతోందని మా ఆవిడ దాన్ని అటక మీద పెట్టింది. స్టూలేసుకొని తీశాను. చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. ఆమె చూడనట్టు ఊరుకున్నవి రాస్తే ఒక పుస్తకమవుతుంది.

పెళ్లయిన కొత్తలో ఆమెకు గాజులు నేనే తొడిగేవాణ్ని. తాగుడు ముదిరాక ఆమె నాకు చేయివ్వడం మానేసి, తనే తొడుక్కునే రబ్బరు గాజులకు దిగింది. గాజులోడి పెళ్లానికి రబ్బరు గాజులేందని ఊళ్లో నవ్వేవాళ్లు. నేను దవాఖాన నుంచి వచ్చిన కొన్నాళ్లకు, ఒక పొద్దున ఆ రబ్బరు గాజులు తీసి పక్కన పెట్టి, గిన్నెలో సబ్బు నీళ్లు కలుపుకొని మెట్టు మీద కూర్చుంది. ఎర్ర మట్టి గాజుల డజను నా ముందు పెట్టి చేయి చాచింది.

"తొడుగు" అంది.

ఆ రోజు పన్నెండింటిలో ఏడు పగిలాయి. మర్నాడు ఆరు. ఆ మర్నాడు ఎనిమిది. భర్త ఉన్న ఆడదాని చేతి మీద ఒక్క గాజు చిట్లితేనే గుండెలో రాయి పడినట్టవుతుంది మా వైపు. గాజులవాణ్ని, నాకు ఇంకా ఎక్కువ భయం. "వద్దే, శకునం మంచిగ లేదు" అన్నాను.

"ఉప్మా సల్లారుతది, తొడుగు" అంది.

అట్లా రోజూ పొద్దున ఆమె చేయి చాచేది, నేను పగలగొట్టేవాణ్ని. మణికట్టు మీద సన్నగా గీతలు పడేవి. పసుపు అద్దుకొని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

కొంచెం నయమనిపించిన వారం, ఆమె వద్దంటున్నా వినకుండా దంతాలపల్లి అంగడికి పోయాను. మొదటి బేరం పాత మనిషే, పదేళ్లుగా నా దగ్గరే తొడిగించుకుంటుంది. జనాన్ని చూసేసరికి చెమట మొదలైంది. మూడో గాజు నా వేళ్లలోనే చిట్లి ఆమె మణికట్టు కోసుకుపోయింది. రక్తం చూసి వెనక నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆమె మాత్రం కొంగుతో అదుముకుంటూ, "పోనియ్ అన్నా, ఏం గాలేదు" అంది. తిట్టినా బాగుండేది.

పక్కన చెప్పులు అమ్మే అన్న అంతా చూశాడు. అంగడి ఎత్తేసే వేళ నా దగ్గరికి వచ్చి చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టాడు.

"తమ్ముడసొంటోనివని చెప్తున్న. పనికి ముంగట జర పోసుకో, చెయ్యి నిలవడ్తది. పనే వోతె ఏం తింటవు?"

అతను చెడ్డవాడు కాదు. నా మీద జాలితోనే ఇచ్చాడు, నేనూ నా మీద జాలితోనే తీసుకున్నాను. రెండు రోజుల్లో దేవరుప్పులలో ఒక సీమంతం ఉంది. ముందు కడుపుతో ఉన్న పిల్లకు, తర్వాత వచ్చిన ఆడవాళ్లందరికీ గాజులు తొడగాలి. ఆ పిల్ల చేతి మీద ఒక్కటి పగిలినా ఇక నన్ను ఏ గడపా పిలవదు. సీసాను గాజుల పెట్టెలో అడుగున దాచాను. ఆ ఒక్కరోజుకే అని నాకు నేను చెప్పుకున్నాను. నా అబద్ధాలు నాకు బాగా తెలుసు, అయినా నమ్మాను.

సీమంతం రోజు పొద్దున పెట్టె సర్దుతూ మా ఆవిడ సీసా చూసింది. అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. దాన్ని తెచ్చి మెట్టు మీద సబ్బు నీళ్ల గిన్నె పక్కన పెట్టి, రోజూ లాగే చేయి చాచింది.

"ముందుగాల నాకు తొడుగు. ఎన్కసీరి నీ ఇష్టం."

నా చేతులు అంతకుముందు ఎప్పుడూ అంత వణకలేదు. ఒకటి, రెండు, మూడు, వరసగా పగిలాయి. ఆ చప్పుడుకు పక్కింటి అవ్వ గోడవతల నుంచి వచ్చింది. మెట్టు మీద ముక్కలు చూసి కేకేసింది.

"ఏందే పిల్లా గిది! మొగడు కండ్ల ముంగట కూసుండంగ గాజులు పలగ్గొట్టుకుంటరా ఎవలన్న? బుద్ధి ఉన్నదా మీకు?"

మా ఆవిడ చేయి వెనక్కి తీసుకోలేదు. తల కూడా ఎత్తలేదు.

"అవ్వా, ఈయన గట్లనే తాగి సచ్చిపోతె, నలుగురు గూడి నా చేతులు వట్టుకోని పలగ్గొట్టెటోళ్లు. గప్పుడు నువ్వు గూడ వచ్చెటిదానివి. గా పలుగుడు కన్న ఈయన చేతుల పలుగుడు మంచిగ లేదా?"

అవ్వ భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె బోసి చేతులు రెండూ గోడకు ఆన్చింది. తర్వాత వంగి, మా కాళ్లకు గుచ్చుకోకుండా ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. నేను ఏడ్చాను. ఇద్దరు ఆడవాళ్ల ముందు, పట్టపగలు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. లేచి సీసా మూత తీసి మోరీలో వంచాను. ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి, అబద్ధం చెప్పను. సీసా కడిగి పారేసి వచ్చి మిగిలిన తొమ్మిదీ తొడగడానికి కూర్చున్నాను. ఇంకో రెండు పగిలాయి.

దేవరుప్పులలో ఆ ఇంటి పెద్దామె ఎప్పటిలాగే నాకు ముందు కల్లు తెచ్చింది. గాజులోడికి పెట్టే మర్యాద అది. అందరూ వినేటట్టే చెప్పాను. "వద్దక్కా, మానేసిన. గందుకే చేతులు వణుకుతున్నయి. ఎవలికన్న భయమైతె ఇంకొకల్ని పిలుచుకోండ్రి, నేనేం అనుకోను. నాతోనైతె జర నిమ్మలంగ అయితది."

పీట మీద కూర్చున్న పిల్ల, "నాకేం తొందర లేదన్నా, నిమ్మలంగనే తొడుగు" అని చేయి చాచింది. ఎప్పుడూ పది నిమిషాల్లో అయ్యే పని గంట పట్టింది. రెండు గాజులు పగిలాయి, రెండూ ఆ పిల్ల చేతిదాకా వెళ్లకుండా నా వేళ్లలోనే. చీరలు మార్చుకోవాల్సిన వాళ్లు, వంట చూడాల్సిన వాళ్లు ఎవరూ కదలకుండా కూర్చొని వంతు కోసం ఆగారు. వాళ్లలో సగం మంది పేర్లు కూడా నాకు తెలియవు. వాళ్లు ఇచ్చిన ఆ గంటకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అప్పటికీ ఇప్పటికీ ఏడాది దాటింది. చెమటలు పోయాయి. కోపం మాత్రం కొంత నా సొంతమేనని తేలింది. మా ఆవిడ చేతికి ఇప్పుడు రెండు డజన్ల మట్టి గాజులు ఉంటాయి. చాలా రోజులుగా ఒక్కటి కూడా పగలలేదు. నా చేయి కుదురుకుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఇద్దరం ఆ మాట ఎత్తం. పొద్దున్నే ఆమె నిన్నటి గాజులు తీసేసి, మెట్టు మీద కూర్చొని చేయి చాస్తుంది. నేను ఆ చేయి పట్టుకుంటాను.