పసుపు కొమ్ము లేని పాఠం

మా ఆసుపత్రి అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఉంటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం మూడో అంతస్తులో నర్సులందరినీ కూర్చోబెట్టి రోగుల ఆచారాలను ఎలా గౌరవించాలో నేర్పేవారు. ఏసీ గది, రంగు కాగితాలు, గుంపుకి అయిదుగురం. హిందువులకొక స్లైడు, ముస్లింలకొకటి, క్రైస్తవులకొకటి. మా స్లైడు మీద క్రిస్మస్ కేకు బొమ్మ! నేను మెదక్ వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని. కంటి ఆపరేషన్ రోజున మా అమ్మ అడిగింది కేకు కాదు, దిండు కింద బైబిలు. ఆ మాటే చెప్పబోతే పాఠం చెప్పే పెద్దమనిషి "ప్రశ్నలు చివర్లో" అన్నాడు. చివర్లో ఫొటోలు తీసుకుని పంపించేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ గదిలోకి టీ తెచ్చేది మా ఆడవాళ్ళ వార్డు ఆయమ్మ. నాంపల్లి గల్లీల్లో పుట్టి పెరిగిన ముస్లిం మనిషి, ఇరవై ఏళ్ళుగా ఆ వార్డులోనే పని. ఆమెకు మాత్రం క్లాసు లేదు. హాజరు పట్టీలో ఆయాలకు గడి పెట్టలేదట.

ఆ వారమే కాచిగూడ నుంచి ఒకావిడ చేరింది. ఇంటాయనకు చిన్న బట్టల దుకాణం. నెలల తరబడి రక్తస్రావమై మనిషి సున్నంలా పాలిపోయింది. గర్భసంచి తీసేయాలన్నారు. ఆపరేషన్ రోజు పొద్దున ఒంటి మీది నగలన్నీ తీయించడం నా పని. గాజులిచ్చింది, ముక్కుపుడక ఇచ్చింది. పుస్తెలతాడు దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులతో పట్టుకుంది.

"జర తీసియ్యండమ్మా. లోపల కరెంటు మిషను వాడతరు, లోహముంటే చర్మం కాలుతది," అన్నాను.

"మా ఆయన బతికుండంగ మెడ బోసిగ పెట్టుకోవాల్నా? పానం పోయినా తియ్య."

పక్క మంచం దగ్గరున్న ఆయమ్మ ఏదో అనబోయింది. అప్పటికే థియేటర్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. "ఆయమ్మా, నువ్వు బెడ్‌ప్యాన్ సంగతి చూడు," అని కసిరి, కేసు షీటులో 'రోగి నిరాకరించింది' అని రాశాను. ఆవిడ పేరు ఆ రోజు ఆపరేషన్ల జాబితాలోంచి పోయింది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే తంతు. మళ్ళీ అదే మాట రాశాను. ఈలోగా ఆవిడకు ఇంకో సీసా రక్తం ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరు గారు రౌండ్స్‌లో "ఇంకోసారి మొండికేస్తే డిశ్చార్జి రాసేయండి" అన్నారు. మెట్ల దగ్గర కూర్చున్న ఆవిడ భర్త లేచి దండం పెట్టాడు. ఆయనకేసి ఎవరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం దుప్పటి మారుస్తూ ఆయమ్మ నన్నేమీ అడగలేదు. నేరుగా ఆవిడతోనే మాట్లాడింది. "దారానికి పసుపు కొమ్ము కట్టుకుంటే నడుస్తది గదమ్మా? మీవోళ్ళు గట్లనే చేస్తరు. ముందుగాల అది కట్టుకోని, ఎనక పుస్తెలు తియ్యాలె."

ఆవిడ ముఖంలోకి ప్రాణమొచ్చింది. "ఔ, మా అత్త గిట్లనే చేసింది. గీడ ఒప్పుకుంటరా మరి?"

మత్తు డాక్టర్ని అడిగాను. లోహం కాకపోతే తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఆవిడ భర్త కిరాణా కొట్టుకి పరుగెత్తి పసుపు కొమ్ము తెచ్చాడు. తెల్ల దారానికి పసుపు రాసి, మంచం పక్కన నిలబడి తన చేత్తోనే మూడు ముళ్ళూ వేశాడు. అప్పుడు ఆవిడే పుస్తెలతాడు తీసి ఆయన చేతిలో పెట్టింది. మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది.

తర్వాతి గురువారంలోపే పాఠం చెప్పే పెద్దమనిషికి ఈ కథ ఎవరో చేరవేశారు. కొత్త స్లైడు తయారు! పసుపు కొమ్ము బొమ్మ, కింద 'మన బృందం విజయం' అని అక్షరాలు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయమ్మ మాత్రం ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఇక ఆగలేకపోయాను. లేచి, "ఈ ఉపాయం బృందానిది కాదు, ఆమెది," అన్నాను. ఆయన నవ్వి, "చాలా సంతోషం. టీ అక్కడ పెట్టమ్మా," అన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. తెలిసినామెను గుమ్మంలో నిలబెట్టి, తెలియని మేం కుర్చీల్లో కూర్చుని ఏం నేర్చుకుంటున్నట్టు? వీళ్ళందరికీ సిగ్గు రావాలని ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చాను.

"చెప్పు ఆయమ్మా, నీకిది మొదటి రోజే తెలుసు గదా? మరెందుకు చెప్పలే? నీ మాట ఎవరింటరని ఊకున్నవు, అంతేనా?"

ఆమె ట్రే కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. నా ముఖంలోకి చూసి, ఏ కోపమూ లేకుండా అంది.

"చెప్పబోయిన సిస్టరమ్మా. మీరే బెడ్‌ప్యాన్ సంగతి చూడమన్నరు."