డల్సీ నాలుగో ప్రశ్న

ఆస్ట్రేలియాలో, ఎడారి అంచునున్న పోర్ట్ అగస్టా ఊళ్లో లారీ విడిభాగాల కొట్టు కౌంటరు వెనక డల్సీ ట్రెగెన్జా ముప్పై ఎనిమిదేళ్లు నిలబడింది. ఆమె పక్కన పన్నెండేళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ‘బండి ఆగిపోయింది, ఏదో ఒకటి ఇవ్వు’ అన్నవాడెవడూ ఆమె దగ్గర సరుకుతో బయటపడలేదు. ఏ బండి? పాత భాగం మీద ఏ నంబరుంది? చెడిపోయే ముందు ఏం మార్చావు? మూడింటికీ జవాబు రాకపోతే ఆమె చెయ్యి అర వైపు కదిలేది కాదు. మొండిఘటం అని తిట్టుకుంటూ పోయిన డ్రైవర్లే, సరైన బేరింగు దొరికాక ఆమెకి చేపలు తెచ్చి ఇచ్చేవారు.

రిటైరయ్యాక కంప్యూటర్లు విప్పడం నేర్చుకుని, ఇంటర్నెట్‌లో రిపేర్ల వేదిక ఒకదానిలో చేరింది. అక్కడా అదే వరస. ఎవరైనా ‘నా కంప్యూటర్ పనిచేయట్లేదు, సాయం చేయండి’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, కింద ఆమె మూడు ప్రశ్నలూ సిద్ధం. డాక్టరుకి ఫోన్ చేసి ‘నొప్పిగా ఉంది’ అని పెట్టేస్తే మందెలా ఇస్తాడని దెప్పేది కూడా.

కిందటి మార్చిలో కార్లీన్ మజ్ అనే ఆమె ఆ వేదికలో రాసింది. వాళ్లు ఉత్తరాన మారీ అనే చిన్న ఊరి అవతల, ఎడారిలో గొడ్ల మందలు పెంచుతారు. పదకొండేళ్ల కూతురు బ్రైడీకి బడి అంటే ఇంట్లో కంప్యూటరే. అది ఇరవై నిమిషాలకోసారి దానంతటదే ఆరిపోతోంది. మంగళవారం పరీక్ష, అదీ అందులోనే రాయాలి. రిపేరు కొట్టు నాలుగు వందల కిలోమీటర్లు, ఉన్న ఒక్క బండీ మొగుడితో మందల దగ్గరుంది.

కార్లీన్ బుద్ధిమంతురాలు. మదర్‌బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, పవర్ సప్లై ఎన్ని వాట్లు, ఏ విండోస్, అన్నీ వరసగా రాసింది. ఏమీ మార్చలేదని కూడా రాసింది. సిడ్నీ పండితులు దిగారు. ఒకడు పవర్ సప్లై మార్చమన్నాడు, ఇంకొకడు ఆ డబ్బానే పారేయమన్నాడు. ఆదివారం నేను టీకి వెళ్లేసరికి డల్సీ తెర మీద కార్లీన్ రాసినదాన్నే చూస్తూ కూర్చుంది. నాకు టీ కూడా పొయ్యలేదు.

“అన్నీ చెప్పింది కదా, ఇంకేం కావాలి నీకు?” అన్నాను.

“అన్నీ చెప్పింది కాబట్టే నా అనుమానం. ఒరే, మారీ అవతల్నుంచి వచ్చే లారీలకి గాలి గొట్టం మీద ఏముండేదో గుర్తుందా?”

గుర్తులేకేం. ఎర్రదుమ్ము ఇంజన్‌లోకి పోకుండా డ్రైవర్లు పెళ్లాం పాత నైలాన్ మేజోడు తొడిగేవాళ్లు. దాన్ని ఎవడూ బండిలో భాగమనుకునేవాడు కాదు. మేం లాగి చూపించేదాకా నోరెత్తేవాడూ కాదు.

డల్సీ రాసింది: “తల్లీ, పెట్టె లోపలివి చాలు. పెట్టె ఒంటి మీద ఏముంది? ఉన్నదున్నట్టు ఫోటో తీసి పెట్టు.”

ఫోటో వచ్చింది. గాలి పీల్చుకునే జాలీకి మేజోడు, అదీ రెండు పొరలు, దుమ్ము పట్టి ఇటుక రంగులో గట్టిపడింది. ఊపిరాడక పెట్టె వేడెక్కి ఆరిపోతోంది.

“అదెప్పుడూ ఉండేదే కదండీ, అందుకే చెప్పలేదు,” అని రాసింది కార్లీన్.

డల్సీ ఆమెని ఒక్క మాట అనలేదు. తీసి ఉతకమంది, లోపల దుమ్ము దులపమంది, ఒకే పొర తొడగమంది. అప్పుడు లేచి నాకు టీ పెట్టింది. సోమవారమంతా మాత్రం పదిసార్లు ఫోను తీసి చూసుకుంది. ఆ పిల్ల పరీక్ష తనే రాస్తున్నట్టు కంగారుపడింది.

మంగళవారం మధ్యాహ్నం బ్రైడీయే రాసింది: “పరీక్ష అయిపోయింది. యాభై నిమిషాలు, ఒక్కసారీ ఆరిపోలేదు. ఒంటి మీద: మేజోడు ఒకటి, ఒకే పొర, ఉతికింది. పైన: పిల్లి ఉండేది. అడగలేదని చెప్పలేదు. దించేశాను.”