ఏసయ్య తోలిన మైలెద్దు

ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల కొండ పాదాన ఉన్న కోనపల్లెలో ఏసయ్య గొంతు ఎరగనివాళ్లు లేరు. ఆదినారాయణ అనే ఆసామి దగ్గర ఆయన కపిల తోలేవాడు, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడించేవాడు. పొద్దు పొడవకముందే ఎద్దుల జతను బావి దగ్గర కట్టి, బాన నీళ్లలో మునగగానే పాట ఎత్తుకునేవాడు. పాట సాగితే ఎద్దులు వాలులోకి దిగేవి, బాన పైకొచ్చి కాలువలో కుమ్మరించేది. పాట మలుపు తిరిగితే ఎద్దులు వెనక్కి నడిచేవి. చర్నాకోల అనేది ఏసయ్య చేతిలో ఎవరూ చూడలేదు.

ఆ జతలో కుడివైపున ఉన్న బూడిదరంగుది మైలెద్దు. దూడగా ఉన్నప్పటి నుంచి ఏసయ్య మేపినది. దానికి చూపు మందగిస్తోందని ఆయనకు రెండేళ్ల కిందటే తెలిసింది. గడ్డి మోపు ఎదురుగా పెడితే ముక్కుతో వెతుక్కునేది. కంట్లో పువ్వు లేదు, నీరు కారడం లేదు, గుడ్డు నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. కపిల బాటలో అడుగు తప్పే పని లేదు గనుక ఆ సంగతి ఇంకెవరికీ అంతుపట్టలేదు. ఏసయ్య చెప్పలేదు. చెబితే ఎద్దును ఉంచరని భయం.

డెబ్బై నాలుగులో ఆదినారాయణ బావికి కరెంటు మోటరు పెట్టించాడు. కపిల మూలపడింది. మైలెద్దును దున్నడానికి మడకకు కడితే గట్టును గుద్దుకుని మోకాళ్ల మీద పడింది. ఆదినారాయణ దాని కళ్లలోకి చాలాసేపు చూసి, ఏసయ్య ముఖంలోకి చూశాడు.

"నీకు ముందే తెలుసు కదప్పా," అన్నాడు.

ఏసయ్య తల వంచుకున్నాడు.

"సరే. పరసలో అమ్ముదాం. ఈ పరసలో పోలేదంటే కటికోనికే. బాగా ఆలోచించుకో."

కోనపల్లె పరస, అంటే పశువుల తిరునాళ్ల, శివరాత్రి దాటాక జరుగుతుంది. కొండ దిగువ బయలంతా ఎద్దులే. ప్యాపిలి నుంచి, పాణ్యం నుంచి, బండి ఆత్మకూరు నుంచి జనం బండ్లు కట్టుకుని వస్తారు. ఒకవైపు తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరాలు, మరోవైపు చెక్కభజనలు, తప్పెటలు. మైలెద్దు కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి నిలబెట్టారు.

బండి ఆత్మకూరు పక్క పల్లె నుంచి సంజీవయ్య అనే చిన్నరైతు వచ్చాడు. జతలో ఒక ఎద్దు గాలికుంటుతో చచ్చిపోయిందట, దానికి జోడు వెతుక్కుంటున్నాడు. మైలెద్దు పళ్లు చూశాడు, సుడులు చూశాడు. కంటి ముందు చేయి ఆడించాడు. ఆ గాలికి ఎద్దు రెప్ప వేసింది.

"నడిపించు ఏసయ్యా," అన్నాడు ఆదినారాయణ. "పలుపు తీసేయ్. పాట పాడు, చాలు."

ఏసయ్య పలుపు విప్పి నాలుగడుగులు ముందుకు నడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"దిగిరార మైలన్న దిగువా బాటకు
ఎగదన్ని నీరొచ్చు నీ అడుగు పాటుకు
మబ్బు మొకమాటాన కొండెనక దాగె
మన బాయి ఊటుంది మనసు పెట్టన్నా"

మైలెద్దు చెవులు నిక్కబొడుచుకుని ఆ గొంతు వెంట కదిలింది. బండ్ల కాడిమానుల మధ్య నుంచి, కట్టుతాళ్ల సందుల్లోంచి, ఆయన తిరిగినచోటల్లా తిరిగింది. తప్పెటలవాళ్లు చూసి పాటకు దరువు అందుకున్నారు. బేరాలు ఆపి జనం చుట్టూ మూగారు. ఇంత తెలివైన ఎద్దును చూడలేదన్నారు. ఆ కొద్దిసేపు ఏసయ్య కూడా తాను చేస్తున్నదేమిటో మరిచిపోయాడు. పాట అంత బాగా కుదిరింది.

సంజీవయ్య నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"మా ఇంట్లో పాటగాళ్లు లేరన్నా. ఊరికే తోలితే నడుస్తాదా?"

ఏసయ్యకు కటికవాడి బండి కళ్లముందు కదిలింది.

"నడుస్తాది," అన్నాడు.

మైలెద్దును బండి వెనక కట్టుకుని సంజీవయ్య వెళ్లిపోయాడు. ఎద్దు బతికిందని ఏసయ్య రెండు రోజులు తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. మూడో రోజు నుంచి అన్నం సయించలేదు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకోమంటే దగ్గు వస్తోందని తప్పుకున్నాడు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. భార్య సలోమి గమనించింది గాని అడగలేదు.

తొలకరి పడిన పది పదిహేను రోజులకు, బండి ఆత్మకూరులో ఉండే సలోమి తమ్ముడు దావీదు ఏసయ్య ఇంటికి వచ్చాడు. మాటల మధ్య చెప్పాడు.

"మా పక్కూర్లో సంజీవయ్యని ఉండాడు బావా. మీ పరసలోనే కొన్నాడంట ఎద్దును. అది బండితోపాటు కాలువ గట్టు మీంచి కిందికి పడింది. ఆయప్ప కాలు ఇరిగింది. ఇత్తనం ఏసే పొద్దు, మంచాన పడినాడు పాపం."

ఏసయ్య కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. దావీదు వెళ్లాక అంతా సలోమికి చెప్పాడు. ఆమె విని పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"ఈడ కుమిలితే ఆయప్ప కాలు అతుకుతాదా?" అంది. "పో. ఆడికే పో."

మరునాడు నంద్యాల మీదుగా బస్సు పట్టుకుని వెళ్లాడు. సంజీవయ్య పంచలో మంచం మీద ఉన్నాడు. కాలికి వెదురుబద్దలు కట్టారు. ఆయన భార్య కమలాక్షమ్మ విత్తనాల జొన్నలు చెరుగుతోంది. కొట్టంలో మైలెద్దు వీపంతా వాతలు తేలి ఉంది. ఏసయ్య అడుగుల చప్పుడుకే అది తల ఎత్తి అరిచింది.

 ఏసయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"అన్నా, దానికి చూపు లేదు."

"పడినాక తెలిసింది," అన్నాడు సంజీవయ్య. "అంతవరకు మొండిదనుకొని కొడ్తి. గుడ్డి గొడ్డును కొడ్తి."

"నాకు ముందే తెలుసన్నా."

సంజీవయ్య మోచేతుల మీద లేచి చూశాడు. "ఆసామే నిన్ను కూడా మోసం చేసినాడనుకుంటిని. పాటగాడు కల్లాకపటం తెలియనోడు, పాపం అంటిని. మా ఇంటిదాంతో కూడా అదే చెప్తిని." కమలాక్షమ్మ చేతిలో చేట ఆగింది.

తిట్టి ఉంటే ఏసయ్య తట్టుకునేవాడు. తనను నమ్మి వెనకేసుకొచ్చిన మనిషి ముఖం చూడలేకపోయాడు.

"ఇత్తనం ఏసి పోతానన్నా. అంతకుమించి నాకు చేతనైంది లేదు," అన్నాడు.

 కమలాక్షమ్మ లేచి మడక కర్రు తెచ్చి గడప బయట పెట్టింది.

ఏసయ్య ఆ చేను మొత్తం దున్నాడు. మైలెద్దు ఆయన పాట వింటూ చాలు తప్పకుండా నడిచింది. రోజూ సంగటి సత్తుగిన్నెలో అరుగు చివర పెట్టి కమలాక్షమ్మ లోపలికి వెళ్లిపోయేది. జొన్న మొలకెత్తేదాకా ఉన్నాడు. తాను పోతే ఎద్దు మళ్లీ దెబ్బలు తింటుందని సంజీవయ్యకు పాట నేర్పబోయాడు. ఆయన గొంతుకు ఎద్దు కదలలేదు. ఒకరోజు కమలాక్షమ్మ గొంతు తగ్గించి మొదటి చరణం అంది. మైలెద్దు చెవులు తిప్పింది. మరుసటి పూట కాడి పట్టుకుని తనే చేనులో నడిపింది.

వెళ్లేరోజు ఏసయ్య మంచం దగ్గర నిలబడ్డాడు. "మనసులో పెట్టుకోకన్నా."

"పని చేసినావు, లేదన్లే," అన్నాడు సంజీవయ్య. "ఈ కాలు కింద పెట్టినప్పుడల్లా, నడుస్తాదని నువ్వన్న మాట గుర్తొస్తాది. దానికి నేనేం చేసేది?"

కోనపల్లెకు తిరిగొచ్చాక, కొన్నవాడికి గుట్టు చెప్పాడని ఆదినారాయణ ఆయనను పనిలోకి రానివ్వలేదు. ఏసయ్య నాపరాళ్ల గనుల్లో కూలికి కుదిరాడు. ఏటేటా పరస జరిగింది. తప్పెటలవాళ్లు పిలిచినా ఆయన ఆ బయలువైపు పోలేదు. చర్చిలో మాత్రం కొన్నాళ్లకు మళ్లీ పాడాడు, వెనక వరసలో నిలబడి.

ఎనభై ఒకటిలో మైలెద్దు చచ్చిపోయిందని దావీదు కబురు పంపాడు. ఏసయ్య వెళ్లేసరికి చేను గట్టున గుంత సగం తవ్వి ఉంది. సంజీవయ్య కుంటుతూ మన్ను ఎత్తుతున్నాడు. ఏసయ్య ఆయన చేతిలోంచి పార తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి పని ముగించారు.

"కాళ్లు కడుక్కో అప్పా," అంది కమలాక్షమ్మ. "అన్నం తిని పోదువు." ఈసారి పంచలో సంజీవయ్య పక్కనే విస్తరి వేసింది.

ఇంటికి వచ్చాక సలోమి అడిగింది, "ఏమన్నారు?"

"ఏమీ అన్లే. అన్నం పెట్టినారు."

"తిన్నావా?"

"తింటి," అన్నాడు ఏసయ్య. "తిట్టింటే బాగుండు."